పాత బొమ్మకు వచ్చిన ఫోన్లు

పరుపుల వ్యాపారంలో ఏడాదంతా ఒక ఎత్తు, కాలేజీలు తెరిచే ముందు మూడు వారాలు ఒక ఎత్తు. హాస్టళ్ళలో చేరే పిల్లల తల్లిదండ్రులు ఆ మూడు వారాల్లోనే ఫోన్లు చేస్తారు. ఒంటి మంచం పరుపు, ఒక దిండు, రెండు గలీబులు. పెద్దగా బేరమాడరు, ఎందుకంటే వాళ్ళ మనసు పరుపు మీద ఉండదు. ఆ రోజుల్లో కొట్లో మోగిన ఫోన్లను బట్టి మిగతా ఏడాది ఎలా నడుస్తుందో పరుపులాయన చెప్పెయ్యగలడు. ఇరవై రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు, పెద్దగా తప్పింది లేదు.

ఈసారి ఆ మూడు వారాలు మొదలయ్యేనాటికి ఆయన భార్య పోయి ఎనిమిది నెలలు.

ఆ ఎనిమిది నెలల్లో కొట్టు మూసింది నాలుగే రోజులు. ఆకలి వేసేది, తినేవాడు. పడుకోగానే నిద్ర పట్టేది, తెల్లవారేదాకా మెలకువ వచ్చేది కాదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు "నిద్ర పడుతోందా?" అని అడిగితే "పడుతోంది" అనేవాడు. పాపం, పైకి అలా అంటున్నాడులే అనుకుని వెళ్ళేవారు. నిజమేనని తెలిస్తే ఏమనుకునేవారో. లోపల ఎక్కడో మొద్దుబారిందన్న సంగతి ఆయనకూ తెలుసు. ఒకే పక్కకు చాలాసేపు తిరిగి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, అలాంటిది. ఆ చేత్తో కొలతలు తీయవచ్చు, బిల్లు రాయవచ్చు, పరుపు మడిచి ఆటో ఎక్కించవచ్చు. నొప్పి లేదు కాబట్టి పనికి అడ్డం లేదు.

చిక్కల్లా ఒకటే. కొట్టు ప్రకటనలో ఉన్నది ఆమే.

నాలుగేళ్ళ కిందట ఇంటర్నెట్లో ప్రకటన ఇద్దామనుకున్నప్పుడు ఫొటో తీసేవాడు వచ్చి, పరుపు మీద పడుకోవడానికి ఒక మోడల్‌ను తెస్తానన్నాడు, ఆవిడకు ఇవ్వాల్సింది చెప్పాడు. భార్య పక్కనే కూర్చుని దిండ్లకు గలీబులు తొడుగుతోంది. "పడుకోవడానికి అంతా? నేను ఊరికే పడుకుంటాను, గురక కూడా ఫ్రీ" అంది. అన్నట్టే చీర సర్దుకుని పడుకుంది. వాడు లైట్లు అటూ ఇటూ జరుపుతుండగానే నిజంగా నిద్రపోయింది. చెంప కింద చెయ్యి, నోరు కొద్దిగా తెరుచుకుని. లేపబోతే పరుపులాయనే వద్దన్నాడు.

ఆ బొమ్మ నాలుగేళ్ళు తిరిగింది. ఎవరో వార్తలు చదువుకుంటుంటే, ఎవరో రేపు వాన పడుతుందా అని చూసుకుంటుంటే, ఆ పేజీ పక్కన చిన్న గడిలో ఆమె పడుకుని ఉండేది. కింద కొట్టు నంబరు. ఆమె పోయాక ఆ బొమ్మ తీసేద్దామని ఎవరూ అనలేదు, ఉంచుదామనీ అనలేదు. నడుస్తున్న బండి కాబట్టి నడిచింది.

అడిగింది ప్రకటనల అమ్మాయి. ఆ అమ్మాయి టైలరు షాపు పైన ఒక చిన్న గదిలో కూర్చుని పదకొండు కొట్ల ప్రకటనలు చూస్తుంది. ఏ ప్రకటన ఏ వెబ్‌సైట్లో కనబడాలి, ఎక్కడ కనబడకూడదు, ఎవరు నొక్కారు, నొక్కినవాళ్ళలో ఎవరు ఫోన్ చేశారు, అదీ ఆమె పని. సీజన్ మొదలయ్యాక తొలి సోమవారం పొద్దున్నే వచ్చి, ల్యాప్‌టాప్‌ను పరుపుల గుట్ట మీద పెట్టింది.

"సార్, ఒకటి చూపిస్తాను, తిట్టకూడదు."

"తిట్టే ఓపిక ఎక్కడుందమ్మా, చూపించు."

"పోయిన నెల మన ప్రకటన కనబడిన చోట్లు ఇవి. ఇది టార్చిలైటు యాప్. ఇది పిల్లలు బుడగలు పగలగొట్టే ఆట. బుడగ అనుకుని మన పరుపును నొక్కారు. నాలుగు వందల సార్లు."

"మూడేళ్ళ పిల్లలకు పరుపులెందుకు?"

"వాళ్ళకే ఎక్కువ అవసరం సార్, పక్క తడుపుతారు. కానీ ఫోన్ చెయ్యరుగా."

నొక్కినప్పుడల్లా కొట్టు డబ్బు పోతుంది. నొక్కినవాడు ఫోన్ చేస్తేనే వస్తుంది. ఈ లెక్క పరుపులాయనకు మొదటి రోజే అర్థమైంది. దారిన పోయేవాళ్ళందరినీ లోపలికి పిలిచి కూల్‌డ్రింకు ఇచ్చి పంపితే కొట్టు కళకళలాడుతుంది, గల్లా పెట్టె కాదు. ఇద్దరూ కూర్చుని ఒక్కో చోటూ కొట్టేశారు. టార్చిలైటు పోయింది, బుడగలు పోయాయి, నవ్వు వీడియోల పేజీ పోయింది. బస్సు వేళల పేజీ, పరీక్షల ఫలితాల పేజీ, అద్దె గదుల పేజీ, హాస్టళ్ళ గురించి పిల్లలు మంచీచెడ్డా రాసుకునే పేజీ ఉంచారు. పరుపు కొనేవాడు పరుపు కోసం వెతకడు, గది కోసం వెతుకుతాడు, అక్కడే పట్టుకోవాలి అంది అమ్మాయి. ఇది మంచి మాటేనని ఆయన తల ఊపాడు.

తర్వాత ఆ అమ్మాయి కాసేపు గోరు కొరుక్కుంది.

"ఇంకోటి సార్. బొమ్మ."

ఆయన కొలత టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ళయింది కదా. చూసినవాళ్ళే చూస్తున్నారు. కన్ను అలవాటు పడిపోయి దాటుకుని వెళ్ళిపోతారు. నేను ఇంకొకటి చేశాను, చూడండి." పరుపును అడ్డంగా కోసి లోపలి పొరలు కనబడేట్టు తీసిన బొమ్మ. పైన ఒక అరచెయ్యి నొక్కుతోంది. 'మంచం కొలత చెప్పండి, రేపటికల్లా ఇంటికి' అని కింద అక్షరాలు. "రెండూ సగం సగం నడుపుదాం. పద్నాలుగు రోజులు. దీని కింద ఒక నంబరు, దాని కింద ఇంకో నంబరు. ఏ ఫోన్ మోగితే ఆ బొమ్మ చలవ. దేనికి ఎక్కువ వస్తే అది ఉంటుంది, రెండోది ఆపేస్తాం. మీరు వద్దంటే మాత్రం..."

"కొలిచి చూద్దాం" అన్నాడు పరుపులాయన. "కొలిస్తే పోయేదేముంది."

ఇరవై రెండేళ్ళుగా ఆయన నోట్లో నానిన మాట అది. దాని పాటికి అదే వచ్చేసింది.

ఆ ఆదివారం అత్తగారింటికి భోజనానికి వెళ్ళాడు. భార్య ఉన్నప్పుడూ ఆదివారం అక్కడే. పోయాక మానాలని ఎవరికీ తోచలేదు. ఆ ఇంట్లో ఉండేది అత్తగారు, లిఫ్టులు రిపేరు చేసే బావమరిది. బావమరిదికి ఇంకా పెళ్ళి కాలేదు. "పైకీ కిందకీ తిరగడమే సరిపోతోంది, పక్కకి చూసే తీరిక లేదు" అంటాడు.

మాటల్లో కొత్త బొమ్మ సంగతి చెప్పాడు. దాచాలనీ లేదు, చెప్పాలనీ లేదు. అన్నం కలుపుకుంటూ చెప్పాడు. అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

"అంటే, రెండింటికీ పోటీ పెట్టారా బాబూ?"

"ఊఁ. పద్నాలుగు రోజులు."

"ఓడిపోతే తీసేస్తారా?"

"తీసేస్తారు."

బావమరిది కంచంలోంచి తల ఎత్తాడు. "జనం దేన్ని ఎక్కువ నొక్కితే అది గెలుస్తుందన్నమాట. ఓట్లలాగా."

కాదు. నొక్కడం వేరు, ఫోన్ చెయ్యడం వేరు, నొక్కితే ఖర్చు, ఫోన్ వస్తే రాబడి. ఇదంతా విడమరిచి చెప్పాలంటే పది నిమిషాలు. ఆయనకు ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో తెలియలేదు. మజ్జిగ గ్లాసు అందుకుని, "అలాంటిదేలే" అన్నాడు.

జీవితంలో ఆయన వ్యాపారం సంగతి తప్పు చెప్పింది అదొక్కసారే. దాని ఖరీదు బుధవారానికి తెలిసింది.

ప్రకటనల అమ్మాయి మెట్లు దిగి పరుగున వచ్చింది. "సార్, మీ మీద ఎవరో పగబట్టారు. నెలకు పెట్టుకున్న డబ్బు నాలుగు రోజుల్లో అయిపోయింది. ఈ పొద్దున పదింటి నుంచి మన ప్రకటన ఎక్కడా లేదు. హాస్టళ్ళు తెరిచే వారంలో!"

"ఎవరు?"

"ఎదురు వీధి స్పాంజి షాపు మీద నా అనుమానం. మొత్తం పాత బొమ్మనే నొక్కుతున్నారు. బస్సు వేళల పేజీ తెరవడం, బొమ్మ వస్తే నొక్కడం, నాలుగు క్షణాలు ఆగడం, వెనక్కెళ్ళి మళ్ళీ నొక్కడం. యంత్రంతో చేయిస్తే సిస్టమ్ పట్టేసి డబ్బు వెనక్కిచ్చేది. వీళ్ళు అచ్చం మనుషుల్లా నొక్కుతున్నారు సార్. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రెండు దాకా ఆపుతున్నారు కూడా, భోజనానికి కాబోలు."

"ఎక్కడి నుంచో తెలుస్తుందా?"

"వీధి దాకా తెలియదు. పేట తెలుస్తుంది." ఆమె చెప్పింది.

స్పాంజి షాపు ఆ పేటలో లేదు. పరుపులాయన కొట్టు అమ్మాయికి అప్పజెప్పి స్కూటర్ తీశాడు.

అత్తగారింటి తలుపు తీసే ఉంది. ఆవిడ ముందు గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదకు దించి, ఒక వేలితో ఫోన్‌ను పొడుస్తోంది. బల్ల మీద బావమరిది పాత ఫోన్ ఇంకొకటి చార్జింగులో ఉంది.

"రండి బాబూ" అంది తలెత్తకుండా. "ఒక్క నిమిషం. ఇప్పుడే రాబోతోంది. వాన పేజీలో ఇవాళ రావట్లేదు, బస్సుల పేజీలో బాగా వచ్చేది, పొద్దుట్నుంచి అక్కడా మొరాయిస్తోంది."

"ఏం రావట్లేదు?"

"అదేనండీ, మన అమ్మాయి." ఆవిడ మొహం వెలిగింది. "నిన్న ఒక్కదాన్నే రెండు వందలు దాటించాను. వాడు లిఫ్టుల కంపెనీలో అందరికీ చెప్పాడు, ముప్ఫై మంది నొక్కుతున్నారు. మనం గెలుస్తున్నామా?"

పరుపులాయన గుమ్మంలోనే చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు. కోపం రావాలి కదా అని ఒక క్షణం చూశాడు, రాలేదు. ఆదివారం మిగుల్చుకున్న పది నిమిషాలు ఇప్పుడు ఖర్చుపెట్టాడు. మొత్తం విడమరిచి చెప్పాడు.

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుంది. తర్వాత "ఒక్కసారి నొక్కితే ఎంత?" అంది.

"పదిసార్లు నొక్కితే ఒక దిండు."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "అంటే నేను నిన్న ఒక్కరోజే..."

"ఇరవై దిండ్లు."

"అమ్మో" అంది ఆవిడ. ఫోన్‌ను బోర్లా పెట్టి దూరంగా జరిపింది, అది వేడి గిన్నె అన్నట్టు.

అప్పుడే బావమరిది వచ్చాడు, చేతులకు గ్రీజుతో. సంగతి విని మొదట తెల్లబోయాడు, ఆ తర్వాత మొహం ఎర్రబడింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం అది, ఎక్కడో ఒకచోట దించుకోవాలి.

"అయితే ఏంటి బావా? నాలుగేళ్ళు అక్క నిద్ర అమ్ముకున్నావు. ఇప్పుడు గిరాకీ తగ్గిందని తీసేస్తావా?"

"తగ్గితే తీసేస్తాను."

"నీకేమీ అనిపించదా?"

పరుపులాయన నిజంగానే ఆలోచించాడు. "ఇంకా లేదు" అన్నాడు.

"నువ్వు లోపలికెళ్ళి చేతులు కడుక్కో" అంది అత్తగారు కొడుకుతో. "దిండ్లన్నీ తగలేసింది కాక, పైన మాటలొకటి."

వాడు వెళ్ళాక పరుపులాయన దారంతా లెక్కవేసుకుంటూ వచ్చిన మాట ఒకటి చెప్పాడు. "అత్తయ్యా, ఒక పని చెయ్యొచ్చు. ప్రకటనని ఈ పేటకు మాత్రమే కనబడేట్టు పెట్టించొచ్చు. నొక్కితే డబ్బు కాదు, కనబడితే డబ్బు అనే పద్ధతి ఉంది, అది చాలా చవక. కొట్టుకు వేరే బొమ్మ నడుస్తుంది, మీకు మాత్రం అది వస్తూనే ఉంటుంది. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు."

మంచి బేరమే. రెండు వైపులా నష్టం లేనిది. ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"నాకోసమైతే గోడ మీద ఫొటో ఉంది కదా బాబూ. పెద్దదే ఉంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఎక్కడెక్కడి వాళ్ళో చూస్తున్నారు, దాన్ని చూసి ఫోన్లు చేస్తున్నారు, అది ఇంకా ఏదో పనిలో ఉంది అని. అందుకని నొక్కాను. నా ఒక్కదానికి చూపించడానికి మీకు దండగెందుకు?"

పరుపులాయన స్కూటర్ తాళం చేతిలోకి తీసుకున్నాడు. లేచాడు.

సాయంత్రం టైలరు షాపు మెట్లెక్కి వెళ్ళి ప్రకటనల అమ్మాయికి చెప్పాడు, నొక్కింది స్పాంజి షాపు కాదు, మా అత్తగారు అని. ఆ అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది.

"పోటీ పాడైపోయింది సార్. ఇన్నిసార్లు నొక్కి ఒక్క ఫోనూ రాకపోయేసరికి, ఈ బొమ్మ పనికిరానిదని సిస్టమ్ తేల్చేసుకుంది. వదిలేసి కొత్త బొమ్మతో వెళ్ళిపోదాం. సీజన్ పోతుంది."

"ఆ నొక్కుళ్ళ లెక్కేదీ అంటకుండా మళ్ళీ మొదటి నుంచి పెట్టలేమా?"

"పెట్టొచ్చు. కొత్త ప్రకటనలాగా ఎక్కించాలి. ఆ పేటకు, లిఫ్టుల కంపెనీ ఉన్న పేటకు రెండూ కనబడకుండా ఆపెయ్యాలి. కానీ ఇంకా డబ్బు పెట్టాలి సార్, సీజన్లో మిగిలింది తొమ్మిది రోజులే. సగం డబ్బు ఓడిపోయే బొమ్మ మీద పెడుతున్నట్టు."

"ఓడిపోతుందని ఎలా తెలుసు?"

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి ఆయన మొహం చూసింది. "తెలియదు సార్" అంది.

"కాబట్టి కొలుద్దాం. దొంగ తూకం వద్దు, రెండు వైపులా."

అలా తొమ్మిది రోజులు నడిచింది. కౌంటరు మీద రెండు ఫోన్లు పెట్టుకున్నాడు, కొత్త బొమ్మది ఎడమ పక్క, పాత బొమ్మది కుడి పక్క. ఎడమది పొద్దున్నే మొదలుపెట్టేది. మంచం కొలతలు, అడ్రసులు, రేపటికల్లా వస్తుందా అని ప్రశ్నలు. కుడిది ఊరికే పడి ఉండేది. ఆయన దేన్నీ దగ్గరకు జరపలేదు, దూరం పెట్టలేదు. ఒక్క తేడా మాత్రం ఉంది. ఎడమ ఫోన్‌ను నాలుగైదు సార్లు మోగాక తీసేవాడు, చేతిలో పని ఉండేది. కుడి ఫోన్ మోగితే చేతిలో పని ఉన్నా మొదటిసారికే తీసేవాడు. ఆ సంగతి ఆయన గమనించలేదు, పరుపులు మోసే మనిషి గమనించి ఊరుకున్నాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం టైలరు షాపు పైగదిలో లెక్క తేలింది. కొత్త బొమ్మకు నలభై నాలుగు ఫోన్లు. పాత బొమ్మకు తొమ్మిది.

"ఏం చెయ్యమంటారు సార్?" అంది అమ్మాయి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా.

"చెప్పుకున్నదేగా. ఆపెయ్యి."

ఆమె ఒక మీట నొక్కింది. అంతే. గదిలో ఏమీ మారలేదు. కింద టైలరు మిషను నడుస్తూనే ఉంది.

మర్నాడు ఆదివారం కాదు, అయినా ఆయన అత్తగారింటికి వెళ్ళాడు. ఆవిడ ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడత పెడుతోంది. బావమరిది ఇంట్లో లేడు. పరుపులాయన మంచం చివర కూర్చుని, నలభై నాలుగు, తొమ్మిది అని చెప్పాడు. తీసేశామని చెప్పాడు.

ఆవిడ ఒక తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. "తొమ్మిది మంది చేశారా?"

"చేశారు."

"మనవాళ్ళు కాదుగా? వాడు మళ్ళీ ఏదైనా తెలివితేటలు చూపించాడేమో."

"కాదు. మన పేటలు రెండూ తీసేశాం. అంతా ఎవరో ఏమో."

"ఎవరెవరు?"

పేర్లు ఆయనకు గుర్తుండవు. కొలతలు గుర్తుంటాయి, కొలతను పట్టుకుంటే మనిషి వస్తాడు. చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిది ఆరుంబావు అడుగులకి మూడు, హాస్టలు పిల్లకు. వాళ్ళ నాన్న రెండుసార్లు ఫోన్ చేశాడు, పిల్ల ఇంకా పొడుగు అవుతుందేమో, చాలుతుందా అని. రెండోది ఆరుంబావుకి అయిదు, కొత్త దంపతులు, గోడ పక్కన ఎవరు పడుకోవాలో ఫోన్లోనే పోట్లాడుకున్నారు. మూడోది ఒక నర్సు. రాత్రి డ్యూటీ, పగలు పడుకుంటుంది, వెలుతురు పడని మూలకు సరిపోయేట్టు కొంచెం తగ్గించి కుట్టమంది. నాలుగోది లారీ సీటు వెనక వేసుకునేది, అయిదుకి ఒకటీ ముప్పావు, అంత సన్నటిది కుట్టి చాలా కాలమైంది. అయిదూ ఆరూ మళ్ళీ హాస్టళ్ళే.

ఆవిడ బట్టలు మడత పెట్టడం మానేసి వింటోంది. "ఏడోది?"

"ఆవిడ రిటైరైన టీచరు. కొట్టుకే వచ్చింది. చేత్తో నొక్కి చూసింది, కూర్చుని చూసింది, వెళ్ళిపోయింది. కొనలేదు."

"అదేం?"

"మెత్తదనం ఎక్కువైందంది. నడుం పట్టేస్తుందట."

అత్తగారు నవ్వింది. ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ నవ్వడం ఆయన చూడలేదు. "మన అమ్మాయికీ అంతేగా! చిన్నప్పటి నుంచీ మెత్తటిది పడేది కాదు. మేం మంచం మీద పడుకోబెడితే, దిగిపోయి నేల మీద దుప్పటి పరుచుకునేది. పెళ్ళయ్యాక పరుపుల వాళ్ళింట్లో పడ్డావు, చచ్చావు పో అని నేనే ఏడిపించేదాన్ని. మీకు చెప్పలేదా?"

తన ఇంట్లో తామిద్దరి మంచం మీద ఉన్నది ఆయన చేతుల్లోంచి వచ్చిన పరుపుల్లోకెల్లా మెత్తటిది. పది అంగుళాలు, మూడు పొరలు. అయిదేళ్ళకోసారి దాన్ని తీసేసి, ఇంకా మెత్తటిది వేసేవాడు. వేసిన ప్రతిసారీ ఎలా ఉందని భార్యను అడిగేవాడు. బాగుంది అనేది. పొద్దున్న లేచి, వంటగది గట్టును రెండు చేతులా పట్టుకుని కాసేపు అలా నిలబడేది. నీళ్ళు మరిగేదాకా నిలబడుతోంది అనుకునేవాడు.

"లేదు" అన్నాడు.

ఆయన మంచం చివర అలాగే కూర్చున్నాడు. పక్కన మడత పెట్టని బట్టలు ఉన్నాయి. అందులోంచి ఒక దిండు గలీబు తీసి, మూలకు మూల కలిపి మడిచాడు. సరిగా రాలేదు. విప్పి మళ్ళీ మడిచాడు.

"ఎనిమిదోది?" అంది అత్తగారు.

కొలత వెంటనే గుర్తుకు రాలేదు. అలా జరగడం ఆయనకు కొత్త. ఆవిడ తొందరపెట్టలేదు.

"ఆరుకి..." అన్నాడు. మడిచిన గలీబును పక్కన పెట్టాడు. "ఆరుకి నాలుగు."